రెండో షెడ్డులో వెనక సగం

2023 అక్టోబరు. మలేసియాలో సెలంగోర్ తీరాన వానలు అప్పుడే గట్టిగా పట్టుకున్నాయి. క్లాంగ్ దగ్గర కోళ్ళ మేత తయారుచేసే ఒక మిల్లులో నేను టెక్నికల్ ఆఫీసరుగా చేరి ఏడాది దాటింది. పేరు పెద్దదే కానీ పని మామూలుదే. మా మేత కొనే రైతుల ఫారాలకు తిరగాలి. కోళ్ళు ఎలా తింటున్నాయో, ఎలా పెరుగుతున్నాయో చూడాలి. తేడా కనిపిస్తే కారణం వెతికి చెప్పాలి. నేను పుట్టింది తూర్పుగోదావరిలో, కోళ్ళ ఫారాల మధ్యనే. చదివింది వెటర్నరీ. కాబట్టి కోళ్ళతో నాకెప్పుడూ బెరుకు లేదు, ఉన్న బెరుకంతా మనుషులతోనే. ఫారం చేరేలోపు ఏం మాట్లాడాలో కారులో రెండుసార్లు వల్లెవేసుకుని, తీరా దిగాక అందులో సగం మింగేసేదాన్ని. ఆ మింగేసిన సగం ఇంటికొచ్చి డైరీలో రాసుకునేదాన్ని.

ఆ ఏడు మిల్లు నాకు అప్పగించింది గ్రోత్ ప్రమోటర్ లేని మేత. బ్రాయిలర్ కోళ్ళకు జబ్బేమీ లేకపోయినా, మేతలో కొద్ది మోతాదులో యాంటీబయాటిక్ కలపడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. అది పేగుల్లోని చెడ్డ బ్యాక్టీరియాను అణచి ఉంచుతుంది, తిన్నది ఒంటికి పడుతుంది, కోడి త్వరగా బరువెక్కుతుంది. దాన్నే గ్రోత్ ప్రమోటర్ అంటారు. చిక్కేమిటంటే, రోజూ కొంచెం కొంచెంగా మందు తగులుతుంటే దానికి లొంగని బ్యాక్టీరియా తయారవుతుంది. అది కోళ్ళ దగ్గరే ఆగదు, మనుషుల దాకా వస్తుంది. అందుకే చాలా దేశాల్లో, మలేసియాలో కూడా, అలాంటి మందులు కొన్నింటిని మేతలోంచి తీసేశారు. వాటి బదులు మేం కలిపేది ప్రోబయాటిక్, అంటే మేలుచేసే బ్యాక్టీరియా. మేం వాడిన రకం విత్తనంలాగా గట్టి పెంకు కట్టుకుని నిద్రపోతుంది. మేతను గుళికలుగా నొక్కే యంత్రం వేడికి కూడా చావదు. కోడి పేగులోకి చేరాక మేలుకుని, అక్కడ చెడ్డవాటికి చోటు లేకుండా చేస్తుంది.

ఇది కాగితం మీద చాలా బాగుంటుంది. దాన్ని అప్పలసామి గారికి చెప్పాల్సి రావడం వేరే సంగతి.

ఆయన ఫారం కౌలా సెలంగోర్ దాటాక పామాయిల్ తోటల మధ్య ఉంటుంది. అరవై దాటిన మనిషి. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఎస్టేటు పనికి వచ్చిన కుటుంబం. వాళ్ళింట్లో ఇప్పటికీ ఆ వైపు తెలుగే మాట్లాడతారు. నడుమ తమిళం, మలయ్ మాటలు దొర్లుతుంటాయి. ఇక్కడి అందరిలాగే మాట చివర 'లా' అని ఒక సాగదీత కూడా. ఫారంలో రెండు షెడ్లు. మొదటిది ఆయన చూసుకునేవారు. రెండోది చూసేది ఆయన బామ్మర్ది ముత్యాలు. ముత్యాలు ఏళ్ళ తరబడి పోర్ట్ క్లాంగ్‌లో కంటైనర్ లారీ తోలి, నడుం దెబ్బతిని, అక్క దగ్గరికి వచ్చి ఉంటున్నాడు.

మా కొత్త మేత వేయాల్సింది ఆ రెండో షెడ్డుకే, మొదటిదానికి పాత మేతే. కౌలాలంపూర్‌లో హోటళ్ళకు మాంసం సరఫరా చేసే ఒకాయన గ్రోత్ ప్రమోటరే కాదు, ఏ మందూ తగలకుండా పెంచిన కోళ్ళ కోసం వెతుకుతున్నాడు. ఒక్క బ్యాచ్ పెంచి చూపించాలి. కోళ్ళు మొదటి షెడ్డు కోళ్ళకంటే బరువు తగ్గకూడదు, ల్యాబు పరీక్షలో మందు జాడ ఉండకూడదు. అలా నెగ్గితే ఏడాది ఒప్పందం రాస్తాడు. ఆ ఒప్పందం ముత్యాలు పేరు మీద రాయించడానికి, షెడ్డు అతనికి వదిలేయడానికి అప్పలసామి గారు ఒప్పుకున్నారు. నెగ్గకపోతే షెడ్డు మళ్ళీ పాత మేతకు, పాత పద్ధతికి పోతుంది. ముత్యాలు మాత్రం, అదే జరిగితే ఇంక అక్క ఇంట్లో ఉండనని, మళ్ళీ లారీ ఎక్కుతానని తేల్చి చెప్పేశాడు.

మొదటిరోజు నేను వరండాలో కూర్చోకముందే అప్పలసామి గారు అందుకున్నారు.

"ఏటమ్మా, మేతలో పురుగులు కలిపి అమ్ముతున్నారంట? మా రోజుల్లో పురుగు పడితే మేత పారబోసీవోళ్ళం. ఇప్పుడు డబ్బులిచ్చి కొనాలేటి?"

"పురుగులు కావు అంకుల్, మంచి బ్యాక్టీరియా," అన్నాను. నా గొంతు నాకే సరిగా వినబడలేదు.

"అంకులేటి?" అంటూ లోపల్నుంచి ఆయన భార్య పైడమ్మ టీ గ్లాసులతో వచ్చింది. "తెలుగు గుంటవి, సిన్నాన్న అనలేవా? నన్ను పిన్నీ అను. ఆడు నా తమ్ముడు, నీకు మావయ్య. అయిపోనాది, ఇంక సుబ్బరంగా కూకో."

ముత్యాలు మావయ్య నవ్వాడు. బావగారు వెంటనే అటు తిరిగారు. "నవ్వకురా. లారీ తోలినోడివి, నీకు కోళ్ళేటి తెలుస్తాయి? గేరు ఎక్కడుంటాదో ఎతుకుతావు."

"నీ కోళ్ళు మందు పడకపోతే కదలవు బావా, నీ మోటారు సైకిల్లాగ. నా కోళ్ళు అలగ కాదు లా."

నేను వెళ్ళిన ప్రతిసారీ ఇదే వరస. ఆయన అనడం, ఈయన తిప్పికొట్టడం. మా వైపు కూడా బావా బామ్మర్దులకు ఆ హక్కు ఉంటుంది కాబట్టి నాకు వింతనిపించలేదు. పైగా, వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే నేను మాట్లాడక్కర్లేదు. అది నాకు చాలా సుఖంగా ఉండేది.

రెండు షెడ్లలోకీ ఒకేరోజు, ఒకే చోటి నుంచి వచ్చిన కోడిపిల్లలు దిగాయి. మొదట్లో అంతా బాగానే సాగింది. తర్వాత నమూనాగా కొన్నింటిని తూచినప్పుడు తేడా కనబడింది. రెండో షెడ్డు నడుమ ఒక వల అడ్డంగా కట్టి ఉంటుంది, కోళ్ళన్నీ ఒకే మూలకు చేరి తొక్కుకోకుండా. ముందు సగానికీ వెనక సగానికీ నీళ్ళ ట్యాంకులు వేరు. ముందు సగం కోళ్ళు మొదటి షెడ్డుతో సమంగా ఉన్నాయి. వెనక సగంవి వెనకబడ్డాయి. రెట్ట పలచగా ఉంది.

నేను మోకాళ్ళ మీద కూర్చుని అక్కడి లిట్టర్ గుప్పెట్లోకి తీసుకున్నాను. లిట్టర్ అంటే షెడ్డులో కోళ్ళ కింద పరిచే వరి ఊక. గుప్పెట్లో నొక్కి వదిలితే అది పొడిపొడిగా రాలిపోవాలి. ఇది లడ్డూలాగా ముద్దకట్టింది. వెనకవైపు కాలువ ఉంది, అటునుంచి కొట్టే జల్లు చిరిగిన తెరలోంచి లోపలికి వస్తోంది.

"ఇది ఎప్పట్నుంచి ఇలా తడుస్తోంది మావయ్యా?"

"ప్రతి వానకీ తడుస్తాది. ఎప్పుడూ ఏటీ అవనేదు మరి."

ఎప్పుడూ ఏమీ అవకపోవడానికి కారణం ఇన్నాళ్ళూ మేతలో ఉన్న మందే. తడి లిట్టర్‌లో చెడ్డ బ్యాక్టీరియా పెరుగుతుంది. కోళ్ళు గీరుకుంటూ దాన్ని తింటాయి. మందు దాన్ని లోపల అణిచేసేది కాబట్టి చిరిగిన తెర సంగతి ఎవరికీ పట్టలేదు. ప్రోబయాటిక్ అంత మొరటుగా పనిచేయదు. దానికి మన సాయం కావాలి. ఊక తిరగెయ్యాలి, పొడి ఊక చల్లాలి, తెర బాగుచెయ్యాలి. ఇవన్నీ నేను తడబడుతూ చెప్పాను. ముత్యాలు మావయ్య నడుముకి బెల్టు బిగించుకుని పార అందుకున్నాడు.

"పురుగులు పంజేస్తాయన్నావు," అన్నారు అప్పలసామి గారు నాతో. "ఇవి ముత్యాలు చేత పంజేయిస్తన్నాయి!"

ఆ తర్వాత నేను వెళ్ళిన రోజు వాన వెలిసి ఎండ కాస్తోంది. వరండాలో ఇద్దరూ కూర్చుని ఉన్నారు. అప్పలసామి గారు తన చేత్తో టీ గ్లాసు తీసి బామ్మర్దికి అందించారు. "తాగరా, సల్లారిపోద్ది," అన్నారు. నన్ను చూసి, "పాపం, ముత్యాలు బాగానే కష్టపడతన్నాడు డాక్టరమ్మా," అన్నారు. అంతే. లారీ లేదు, గేరు లేదు, పురుగులు లేవు.

షెడ్డు వైపు నడుస్తుంటే ముత్యాలు మావయ్య గొంతు తగ్గించి అడిగాడు. "బావకి జొరమేటి? నిన్నట్నుంచీ నన్నొక్క మాట అననేదు. అన్నం తిన్నావా అనడుగుతున్నాడు."

అతను సరదాకే అన్నాడు కానీ నాకు ఆ మాట గుచ్చుకుంది. ఎగతాళి చేయడం హక్కుగా ఉన్న మనిషి ఉన్నట్టుండి మర్యాదగా మారితే, ఏదో దాస్తున్నాడనే అర్థం. ఏం దాస్తారు? ఈ షెడ్డు గురించి కాకపోతే ఇంకేముంటుంది?

ముత్యాలు మావయ్యని ఊక దగ్గర వదిలేసి, రెండు గాజు గ్లాసులు తీసుకుని ట్యాంకుల దగ్గరికి వెళ్ళాను. ముందు ట్యాంకు నీళ్ళు తేటగా ఉన్నాయి. వెనక ట్యాంకు నీళ్ళు లేత పసుపుగా ఉన్నాయి. కోళ్ళకు వాడే ఒక పాత యాంటీబయాటిక్ పొడి నీళ్ళలో కలిస్తే సరిగ్గా ఆ రంగే వస్తుంది.

కొంచెంసేపు అక్కడే నిలబడిపోయాను. ఇలాంటి మాట నలుగురిలో చెప్పడం నా వల్ల అయ్యే పని కాదనిపించింది. కానీ నేను ఆలోచిస్తున్నంతసేపూ కోళ్ళు ఆ నీళ్ళు తాగుతూనే ఉన్నాయి. వెనక ట్యాంకు కుళాయి కట్టేసి, ముత్యాలు మావయ్యని రమ్మని, వరండాకి వచ్చి రెండు గ్లాసులూ బల్ల మీద పెట్టాను.

"ఇవి ముందు ట్యాంకు నీళ్ళు. ఇవి వెనకవి," అన్నాను. గ్లాసుల్ని పిన్ని వైపు జరిపాను.

పైడమ్మ పిన్ని గ్లాసుల్ని చూసింది, తర్వాత మొగుణ్ణి చూసింది. "ఏటి కలిపినావు?"

"ఏటీ నేదు."

"నా మొహం సూసి సెప్పు."

"ఉబాట్," అన్నారాయన, మందుకి మలయ్ మాట. నోటికి కష్టమైన సంగతి వస్తే ఆయన అలా భాష మార్చేసేవారు. తర్వాత ఒక్కసారిగా చెప్పేశారు. "పాత పొట్లం ఒకటి మిగిలుంటే నిన్న సాయంత్రం ఏసినాను. ఏటి సెయ్యమంటావు? ఎనక కోళ్ళు సిన్నబోయి ఉన్నాయి. ఈడు సూస్తే నడుం పట్టుకోని ఊక తిరగేస్తన్నాడు. ఈ బ్యాచీ పోతే లారీ ఎక్కుతానంటాడు. ఆ నడుంతో ఎక్కితే మళ్ళీ దిగుతాడా ఈడు? నాను సూస్తా కూకోవాలా?"

ముత్యాలు మావయ్య మొహం ఎర్రబడింది. "ఇన్నేళ్ళూ నువ్వు ఎక్కిరిస్తే పడినాను బావా. ఇంకా పడతాను. జాలి మాత్రం సూపించకు. నాను ఓడిపోతానని నువ్వు ముందే రాసేసుకున్నావు కదేటి!" అని, మెట్లు దిగి పామాయిల్ చెట్లలోకి నడిచి వెళ్ళిపోయాడు.

అప్పలసామి గారు తల దించుకున్నారు. "ఎవలికి తెలుస్తాది లెద్దూ," అన్నారు మెల్లిగా. "అమ్మీనాటికి మందు పోద్ది గదా."

అది నిజమే. మందు ఇచ్చాక కోడిని అమ్మకుండా ఆపాల్సిన గడువు ఒకటి ఉంటుంది. విత్‌డ్రాయల్ పీరియడ్ అంటారు. ఆ గడువు దాటితే పరీక్షలో ఏమీ కనబడకపోవచ్చు. మామూలు బజారుకైతే అది సరిపోతుంది. జబ్బు చేసిన కోడికి మందు ఇవ్వడం తప్పు కాదు కూడా. కానీ ఈ కొనుగోలుదారు అడిగింది మొదటిరోజు నుంచీ మందు తగలని కోడిని.

"నాకు తెలుసు కదా చిన్నాన్నా," అన్నాను.

ముందు మా మేనేజరుకి ఫోన్ చేశాను. ఆయన ఒక్క నిమిషం విని, ట్రయల్ ఆపేయమన్నారు. షెడ్డు మొత్తాన్నీ పాత మేతకు మార్చేయమన్నారు. మామూలుగా అయితే "సరే సార్" అనేదాన్ని. ఆరోజు ఆయన మాట్లాడుతుండగానే అడ్డుపడ్డాను. "సార్, ముందు సగం చెడిపోలేదు. నడుమ వల ఉంది. ట్యాంకు వేరు, గొట్టాలు వేరు. ఒక్క చుక్క ఇటు రాలేదు. ముందు సగాన్ని కొనసాగించనివ్వండి." ఆయన ట్యాంకుల సంగతి ఇంకోసారి అడిగి తెలుసుకున్నారు. "కొనేవాడు ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు," అన్నారు.

కొనేవాడికి చెప్పడం ఇంకా కష్టమైంది. జరిగిందంతా, ఎవరు చేశారో, ఎందుకు చేశారో కూడా దాచకుండా చెప్పాను. ఆయన ఆశ్చర్యపడి, "ఇది నాకు చెప్పకుండా ఉండొచ్చు కదా?" అన్నాడు. "అప్పుడు మీరు కొంటున్నదేమిటో మీకు తెలిసేది కాదు," అన్నాను. ఆయన ఆలోచించి, ముందు సగం మాత్రం చూస్తానన్నాడు. తన మనుషులే వచ్చి నమూనాలు తీసుకుంటారు. బరువు షరతు మాత్రం మారదు.

ఆ మధ్యాహ్నమే వెనక ట్యాంకు ఖాళీచేసి, గొట్టాలన్నీ కడిగాం. తర్వాతి రోజుల్లో అప్పలసామి గారు కొత్త తెర తెచ్చి తనే నిచ్చెనెక్కి కట్టారు. బస్తాలతో పొడి ఊక మోసి ముందు సగంలోనూ వెనక సగంలోనూ చల్లారు. ముందు సగంలోకి అడుగుపెట్టే ముందు బూట్లు రెండుసార్లు కడుక్కునేవారు. ముత్యాలు మావయ్య పక్కనే పని చేస్తున్నాడు కానీ ఆయనతో మాట్లాడలేదు. పైడమ్మ పిన్ని ఇద్దరికీ వేరువేరుగా అన్నం పెట్టాల్సి వచ్చింది. అలా ఎంతో కాలం సాగలేదు. ఒకరోజు నేనుండగానే ముత్యాలు మావయ్య తలెత్తి తెర వైపు చూశాడు.

"బావా, అది తెర కట్టడవా? లుంగీ ఆరేసినట్టున్నాది."

నిచ్చెన మీద అప్పలసామి గారు తాడు ముడి ఇంకోసారి బిగించారు. "లుంగీ అయితే నీకే కడతాను రా, కింద నిలబడు," అన్నారు. అన్నం గిన్నెతో షెడ్డు దాకా వచ్చిన పిన్ని గట్టిగా ఊపిరి వదలడం నాకు వినిపించింది.

ఊక ఆరింది, రెట్ట గట్టిపడింది. వెనక సగం కోళ్ళు కూడా తేరుకున్నాయి, ఆ ఒక్కరోజు మందు వల్ల కాదు, కాళ్ళ కింద పొడిగా ఉండటం వల్ల. ముందు సగంవి మాత్రం నేను వెళ్ళిన ప్రతిసారీ ముద్దుగా, బరువుగా కనబడుతున్నాయి. నా కంటికి అలా కనబడుతున్నాయేమోనని నన్ను నేనే నమ్మలేదు.

ఆఖరి తూకం రోజు వచ్చింది. ఫారంలో తూచేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంటుంది: చెయ్యి దానంతటదే బలిసిన కోడి మీదికి పోతుంది. అప్పలసామి గారు తన షెడ్డులో నిదానంగా నడుస్తూ పెద్దపెద్దవి పట్టుకొస్తుంటే ముత్యాలు మావయ్య ఊరుకోలేదు.

"బావా, పెళ్ళికొడుకుని ఏరినట్టు ఏరతన్నావు!"

"కంటికి కనబడింది తెస్తన్నాను లా."

నేను మడతపెట్టే తడిక తెచ్చి ఒక మూలన కోళ్ళ గుంపుని చుట్టి మూశాను. అందులో ఉన్న ప్రతి కోడినీ, చిన్నదైనా పెద్దదైనా, తూచాల్సిందే. అలా రెండు షెడ్లలోనూ, మూడు నాలుగు చోట్ల చేశాం. కాటా ముల్లు చదివే పని అప్పలసామి గారే తీసుకున్నారు. మొదట తన షెడ్డు. తర్వాత రెండో షెడ్డు ముందు సగం. చదువుతున్న కొద్దీ ఆయన గొంతు నెమ్మదించింది. చివరికి కాటాని చేత్తో తట్టి చూశారు.

"ఈ కాటా పాడైనాదేటి?"

"మీ కోళ్ళని తూచినప్పుడు బాగానే ఉంది చిన్నాన్నా," అన్నాను.

నేనే అన్నానా అని నాకు అనుమానం వచ్చింది. ముత్యాలు మావయ్య గోడకి ఆనుకుని నవ్వు ఆపుకోలేక కూలబడ్డాడు. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పలసామి గారు నన్ను పైనుంచి కిందికి చూసి, "గుంటకి నోరున్నాది!" అని, ఆయన కూడా నవ్వారు. ముందు సగం కోళ్ళు ఆయన కోళ్ళకంటే తగ్గలేదు సరికదా, కాస్త ఎక్కువే తూగాయి. చచ్చిపోయినవి తక్కువ. కిలో బరువు పెరగడానికి ఎంత మేత తిన్నాయో లెక్కకట్టే ఎఫ్‌సీఆర్ కూడా ముందు సగానిదే మెరుగ్గా ఉంది. ఒక్క బ్యాచ్‌తో ఏదీ రుజువైపోదని నాకు తెలుసు. అయినా ఆరోజు కారులో క్లాంగ్ దాకా ఒక్కదాన్నే పాడుకుంటూ వచ్చాను.

ల్యాబు ఫలితం తేటగా వచ్చింది. వెనక సగం కోళ్ళు గడువు దాటాక మామూలు బజారుకి పోయాయి. ముందు సగం తీసుకెళ్ళడానికి కొనుగోలుదారు తన లారీతో పాటు తనే వచ్చాడు. దిగుతూనే, ఈ షెడ్డు రైతు ఎవరని మలయ్‌లో అడిగాడు. అలవాటు కొద్దీ అప్పలసామి గారు ఒక అడుగు ముందుకేశారు. వేసి, ఆగి, పక్కకి జరిగారు.

"అడుగుతున్నాడు గదా, సెప్పరా," అన్నారు.

ముత్యాలు మావయ్య చొక్కాకి చెయ్యి తుడుచుకుని, "నేనే," అన్నాడు. లారీ బానెట్ మీద కాగితాలు పరిచి సంతకం చేశాడు. కాసేపయ్యాక అప్పలసామి గారు నన్ను పక్కకి పిలిచారు. "నీ పురుగుల మేత వచ్చే బ్యాచీకి నా షెడ్డుకీ పంపు. ఆడికి ఇప్పుడే సెప్పకు."

ఆ తర్వాత చాలా ఫారాలకు మందు లేని మేత ఇచ్చాను. కొన్నిచోట్ల బాగా పనిచేసింది, కొన్నిచోట్ల అంతంతమాత్రంగా. పనిచేయనిచోట నేను ముందు మేతను అనుమానించను. ఊక పట్టుకుని చూస్తాను, తెరలు చూస్తాను, నీళ్ళు ఒక గ్లాసులోకి పట్టి వెలుతురులో పెడతాను. గ్రోత్ ప్రమోటర్ కోడిని పెంచడంతో పాటు మన అజాగ్రత్తను కూడా కప్పిపుచ్చేది. దాన్ని తీసేసినప్పుడు బయటపడేది ప్రోబయాటిక్ లోపం కాదు, ఎప్పట్నుంచో ఉన్న చిరుగు. ఇది పుస్తకాల్లో కూడా ఉంటుంది. పుస్తకాల్లో లేనిది ఇంకొకటి నేర్చుకున్నాను. చెడ్డ కబురు చెప్పాల్సినప్పుడు గొంతు వణికితే వణకనీ, ఆరోజే చెప్పేయాలి. ఆరోజు నేను ఫోన్ చేయకపోయినా కోళ్ళు అంతే బరువు తూగేవి, ల్యాబు కాగితం అంతే తేటగా వచ్చేది, ఒప్పందం కూడా రాసుకునేవాళ్ళు. కానీ షెడ్డు ఎవరిదని అడిగితే, ముత్యాలు మావయ్య అంత సూటిగా "నేనే" అనగలిగేవాడు కాదు.